నిండని మూడో చరియ

చైత్ర శుద్ధ దశమి నాడు, పొద్దు పొడిచిన రెండు గడియలకు, కుందమ ఎక్కి వచ్చిన తెప్ప గవ్వల దీవి ఉత్తరపు రాళ్లకు కొట్టుకుని రెండు ముక్కలైంది. నీళ్ల కుండ, చాప మునిగిపోయాయి. వల, లక్కరంగు బుడ్డి, కొంగున ముడేసుకున్న భరిణె మిగిలాయి. ఆమె రాళ్లు పట్టుకుని ఒడ్డెక్కి, మోకాళ్లకు అంటిన నెత్తురు ఉప్పునీళ్లతో కడుక్కుంది. పౌర్ణమికి అయిదు రోజులుంది. పౌర్ణమి నాటి సూర్యాస్తమయంలోగా ఆమె మేఖలాపురం కోటలో ఉండాలి. లేకపోతే ఆమె అన్న రేచనను మాంత్రికుడికి అప్పగిస్తారు.

మేఖల రాజ్యంలో కుందమ పని పిట్టలను లెక్కపెట్టడం. రాజుగారి వేటతోపుల్లో ఆ పని ఆమె తాత చేశాడు, తండ్రి చేశాడు. పద్ధతి ఒక్కటే. వలతో వంద పిట్టలను పట్టి, కాళ్లకు లక్కరంగు పూసి వదలాలి. మూడు రోజులు ఆగి మళ్లీ వంద పట్టాలి. ఈసారి పడిన వందలో పదింటికి ఎర్రకాళ్లుంటే, తోపులో ఉన్నవాటిలో పదో వంతుకు రంగు పూసినట్టు. అంటే మొత్తం వెయ్యి.

కిందటి కార్తీక పౌర్ణమికి ధూమకంఠుడనే మాంత్రికుడు కోట బురుజు మీద నిలబడి ఒక పంజరం తలుపు తీశాడు. వంద పిట్టలు ఎగిరాయి. రెక్కలది ఇత్తడి రంగు. ఎగురుతుంటే పళ్లెం మీద గరిటె తగిలినట్టు చప్పుడైంది. ఇవి నెలకు రెండింతలవుతాయని, జలద్వారం కోట తాళంచెవి తన చేతికిస్తే వెనక్కి పిలుచుకుంటానని ఆయన రాజుతో చెప్పాడు. జలద్వారం నది పుట్టిన చోట ఉంది. దాని తాళం ఎవరి దగ్గర ఉంటే మేఖలలో ప్రతి పొలానికీ నీళ్లు వాళ్లు వదిలితేనే వస్తాయి.

ఇత్తడి పిట్టలు ఊరపిచ్చుకలను తరిమేసి ఇళ్ల చూరుల్లో చేరాయి. ఇలాగే పెరిగితే పంటంతా తినేస్తాయని జనం భయపడ్డారు. ఫాల్గుణ పౌర్ణమి నాటి సభలో గణితాచార్యుడు త్రివిక్రమభట్టు కొలువు మెట్ల మీద గవ్వలు పేర్చాడు. మొదటి మెట్టు మీద వంద, రెండో మెట్టు మీద రెండు వందలు, మూడో మెట్టు మీద నాలుగు వందలు. మెట్టుకో నెల. పదకొండో మెట్టు నిండకుండానే భాండాగారంలో గవ్వలు అయిపోయాయి. రాజు ఉదయకేతు ఖాళీగా ఉన్న మెట్ల వైపు చూసి, తాళంచెవి తెమ్మన్నాడు.

అప్పుడు కుందమ లేచి, పిట్టలు ఆగుతాయని చెప్పింది. తన లెక్కలు చదివింది. వంద, నూట తొంభై ఎనిమిది, మూడు వందల ఎనభై అయిదు, ఏడు వందల ముప్పై మూడు, ఆ నెల పదమూడు వందల ముప్పై రెండు. భట్టు గవ్వల ప్రకారం ఆ నెలకు పదహారు వందలు ఉండాలి. మొదటి నెలలో వంద పిట్టలకు తొంభై ఎనిమిది కొత్తవి చేరాయి. తర్వాతి నెలల్లో వందకు తొంభై అయిదు, తొంభై, ఎనభై రెండు. మందలో నలభై పిట్టలు పెరిగినప్పుడల్లా, వందకు చేరే కొత్తవాటిలో ఒకటి తగ్గుతోంది. అలా తగ్గుతూ పోతే మంద నాలుగు వేలు అయ్యేసరికి కొత్తవి చేరడం ఆగిపోవాలి.

భట్టు ఆమె వైపు చూడకుండా రాజుతో అన్నాడు. "రంగు వానకు కడుక్కుపోయి ఉంటుంది ప్రభూ. అమ్మాయి లెక్క తప్పింది."

"రంగు పోతే వలలో ఎర్రకాళ్లు తక్కువ పడతాయి ఆచార్యా. తక్కువ పడితే మంద పెద్దదనుకుంటాను. రంగు పోతే నా లెక్క పెరగాలి గాని తగ్గకూడదు."

భట్టు కొంతసేపు గడ్డం దువ్వుకున్నాడు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న సరైనదేనని కుందమ కూడా ఒప్పుకుంది. ఆగిన మందను కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆయన అడిగాడు. ధూమకంఠుడు ఏడేళ్లుగా ఈ పిట్టలను తన దీవిలో పెంచుతున్నానని తానే చెప్పుకున్నాడు. నెలకు రెండింతలైతే ఈపాటికి ఆ దీవి పిట్టల కింద కనబడకుండా పోవాలి. జాలరులకు ఇంకా కనబడుతూనే ఉంది. కాబట్టి తాను వెళ్లి చూసి వస్తానని ఆమె చెప్పింది.

మేఖలలో ఒక ఆచారం ఉంది. కొలువంతా ఒక మాట మీద ఉండగా ఎవరైనా రాజుకు వేరే మాట చెబితే, ఆ మాట రుజువయ్యేదాకా ఒక నిలుపు మనిషిని కోటలో ఉంచాలి. మాట చెప్పినవాళ్లు గడువులోగా తిరిగి రాకపోయినా, మాట తప్పని తేలినా, నిలుపు మనిషి అవతలివాళ్లకు చెందుతాడు. రేచన మూలికల వైద్యుడు. ఎవరూ అడగకముందే ముందుకొచ్చి చేతులు చాపాడు. సంకెల పడేలోగా చెల్లెలి చేతిలో ఒక భరిణె పెట్టాడు. అందులో గుళిక ఒక్కటే ఉంది. అది నోట్లో ఉన్నంతసేపు మనిషి ముసలి రూపంలో కనిపిస్తుంది. ఉమ్మినా మింగినా అసలు రూపం వస్తుంది.

"చేదుగా ఉంటుంది. మొహం చిట్లించకు," అన్నాడు.

దీవి పేరు చెబితే ఏ జాలరీ తెడ్డు పట్టలేదు. ఆమె తెప్ప తానే కట్టుకుంది. గాలి రెండుసార్లు వెనక్కి తోసింది. మూడోసారి దశమి నాటికి చేర్చింది.

కుందమ గుళిక నాలుక కింద పెట్టుకుని, ముసలమ్మగా, దీవి మధ్యనున్న మేడ వైపు నడిచింది. మేడ గోడలు గవ్వలతో కట్టినవి. అడుగు నుంచి కప్పు దాకా నలభై వరసలు. గాలి వీచినప్పుడల్లా గవ్వలన్నీ ఒక్కసారిగా ఊదినట్టు మోగుతున్నాయి. ద్వారబంధం ఏనుగు దంతం, గడప పగడం. వాకిట్లో పదకొండు రాతి స్తంభాలున్నాయి. ప్రతి స్తంభానికీ మనిషి ముఖం ఉంది. ఒక స్తంభం చేతిలో ఉన్న తెడ్డు మాత్రం కర్రదే. పన్నెండోది పీఠం. దాని మీద ఏమీ లేదు.

ఆ పీఠం కడుగుతున్న ఆమె పేరు గండిక. ఆమె రాక్షసి. తాటిచెట్టులో సగం ఎత్తు. ధూమకంఠుడి పిట్టలకు మేత పెట్టేది ఆమే. ముసలమ్మను చూసి చీపురు కింద పడేసింది.

"ఎవతివే నువ్వు? ఎట్టా వచ్చావు?"

కుందమ తెప్ప పగిలిన సంగతి చెప్పింది. అది నిజమే కాబట్టి తడుముకోకుండా చెప్పింది. గుళిక వల్ల మాట ముద్దగా వచ్చింది. కొడుకు ఇంట్లోంచి వెళ్లగొట్టాడని, ఇంత గంజి పోస్తే ఏ పనైనా చేస్తానని అంది. గండిక గంజి పోసింది. గుళిక దవడకు నొక్కిపెట్టి కుందమ దాన్ని తాగింది.

గండికకు మాట్లాడే మనిషి దొరికి చాలా కాలమైంది. అయ్యవారు మేఖలలో ఉన్నారని, ఈ పున్నమికి తాళంతోపాటు ఒక మనిషిని కూడా తెస్తారని, ఆ పీఠం అతని కోసమేనని చెప్పింది. "వైద్యుడట. నాకీ మోకాలు నొప్పి ఉంది కదా, రాయి చెయ్యబోయే ముందు ఒక్క పూట నాకు వదలమని అడగాలి," అంది. కుందమ గంజి ముంత కింద పెట్టి, చీపురు అందుకుంది.

మేడ వెనక కొండకు మూడు చరియలున్నాయి. రెండు చరియల్లో ప్రతి సందులోనూ గూడు ఉంది. మూడో చరియ ఖాళీగా ఉంది. కుందమ ఆ దశమి నాడూ ఏకాదశి నాడూ, గండిక మధ్యాహ్నం నిద్రపోయినప్పుడల్లా వల వేసి, రెండు వందల పిట్టల కాళ్లకు రంగు పూసింది. ద్వాదశి నాడు వాటిని కదపలేదు. త్రయోదశి పొద్దున వంద పట్టింది. పన్నెండింటికి ఎర్రకాళ్లున్నాయి. అంటే దీవిలో ఉన్నవి పదహారు వందల పైచిలుకు.

మేత పెట్టే వేళకు ఆమె గండిక పక్కన నిలబడి, ఇవి ఎప్పుడూ ఇన్నే ఉంటాయా అని అడిగింది.

"నాకు లెక్కలు రావు ముసలమ్మా. కుంచాలు వచ్చు," అంది గండిక. "ఆరేళ్లు రోజుకు రెండు కుంచాలు పోశాను. ఒక చరియ నిండింది. ఒక్కటంటే ఒక్కటే. గుడ్లు పెడతాయి, గింజ చాలదు, పెట్టిన గుడ్లు అవే కిందికి తోసేస్తాయి. కిందటేడు మేఖలకు పంపాలని అయ్యవారు నాలుగు కుంచాలు చేశారు. రెండో చరియ నిండింది. మళ్లీ అంతే. నేను ఈ నాలుగు కుంచాలూ చచ్చేదాకా మోసినా ఆ మూడో చరియ నిండదు."

"చేలల్లో పడి తినవా?"

"వీటికి అంత ఓపికా? చేత్తో పెట్టింది తప్ప ముట్టవు. పెంచినదాన్ని, నాకు తెలీదా?"

కుందమ గంప అంచు పట్టుకుని నిలబడింది. నాలుగు వేల దగ్గర ఆగడం పిట్ట గుణమని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఇక్కడ అదే పిట్ట మొదట ఒక చరియ దగ్గర ఆగింది, తర్వాత రెండు చరియల దగ్గర ఆగింది. మధ్యలో మారింది గింజ ఒక్కటే. మేఖలలో చేత్తో పెట్టే గింజ ఎక్కడుందో ఆమెకు తెలుసు. అక్కడ ప్రతి పౌర్ణమికీ ఇంటింటా పిచ్చుకల కోసం చూరుకు ఒక వరి కుచ్చు కడతారు. పేదైనా గొప్పైనా ఇంటికి ఒక్కటే. మేఖలలో గడపలు నాలుగు వేలు.

ఆమె తల తిప్పింది. మేడ పక్కన తాడు మీద ఒక కాషాయం ఆరుతోంది. దాని కింద గోడకు వెండి పొన్ను వేసిన దండం ఆనించి ఉంది. ఆ పొన్నుకు ఒక నొక్కు ఉంది. ఆ నొక్కును ఆమె ముందే చూసింది. ఫాల్గుణం చివర్లో ఒక సన్యాసి మేఖలలో ఊరూరా తిరిగాడు. ముసుగు తీసేవాడు కాదు. పిట్టలకు కడుపు నిండితే కళ్లాల మీద పడవని, చైత్ర పౌర్ణమికి ఒక్కో ఇల్లూ పది కుచ్చులు కట్టాలని చెప్పాడు. జనం భయం మీద ఉన్నారు. అందరూ సరేనన్నారు. కుందమ వాకిట్లోనూ పది కుచ్చులు సిద్ధంగా ఉన్నాయి. వాటిని కట్టింది ఆమే.

ఆ కాషాయం ఎవరిదని అడిగింది.

"అయ్యవారిదే. నువ్వు రాకముందే వచ్చి ఉతకమని పడేసి, గాలిలో వెళ్లారు. అది కప్పుకుని దండం ఆనిస్తే రాతి పడవ కదులుతుంది. నేనొకసారి కప్పుకున్నాను, చంకల్లోకే రాలేదు." గండిక నవ్వుతూ కిందికి చూసి ఆగింది. గింజలు ఏరుకుంటున్న ఒక పిట్టకు ఎర్రకాళ్లున్నాయి. దాని పక్కదానికీ ఉన్నాయి. తర్వాత ఆమె కుందమ వేళ్ల వైపు చూసింది. గుళిక రూపాన్ని మారుస్తుంది గాని రంగును కడగదు.

"ఏంటే ఆ ఎరుపు?"

"గోరింటాకు."

"ఈ వయసులోనా? ఎవడినే నువ్వు చేసుకునేది?" అని గండిక నవ్వి, సరదాకే ఆమె వీపు మీద చరిచింది. గుళిక గొంతులోకి జారిపోయింది.

ముసలమ్మ ఉన్న చోట పాతికేళ్ల కుందమ నిలబడి ఉంది. గండిక చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆ చెయ్యి దిగేలోగా కుందమ నాలుగు కుంచాల గంపను రెండు చేతులతో ఎత్తి, గండిక వంగి ఉన్న తల మీద బోర్లించింది. గింజలు జుట్టులో, మెడలో, కోక మడతల్లో పడ్డాయి. పదహారు వందల పిట్టలు చరియల మీంచి దిగి ఆమె మీద వాలాయి. గండికకు దెబ్బ తగల్లేదు. ఆమెకు దారి మాత్రం కనబడలేదు. "నా కళ్లు, నా కళ్లు వదలండే," అని పిట్టలను బతిమాలుకుంటూ స్తంభాల మధ్య తిరిగింది.

కుందమ తాడు మీంచి కాషాయం లాగింది. దండం తీసుకుని దక్షిణపు రేవుకు పరుగెత్తింది. రాతి పడవ పదిమంది పట్టేంత ఉంది. దండం ఆనించగానే కదిలింది. గండిక రేవు చేరేసరికి పడవ మూడు బారల దూరం పోయింది. గండిక విసిరిన బండ పడవ వెనక పడింది. ఆ అలకు పడవ ఇంకో బారెడు ముందుకు జరిగింది.

చతుర్దశి అంతా సముద్రం మీదే గడిచింది. పౌర్ణమి నాడు పొద్దు పొడిచే వేళకు పడవ మేఖల తీరంలో జాలరిపల్లె దగ్గర ఆగింది. పల్లెవాళ్లు కాషాయాన్ని, దండాన్ని చూసి పరుగున వచ్చి కాళ్లకు మొక్కారు. పల్లెపెద్ద కసవయ్య, స్వామివారు చెప్పినట్టే ఇంటికి పది కుచ్చులు సిద్ధం చేశామని, పొద్దెక్కగానే కడతామని చెప్పాడు.

కుందమ ముసుగు తీయలేదు. "కట్టకండి. పాతవీ దించండి. మళ్లీ చెప్పేదాకా ఏ చూరుకీ ఒక్క గింజ ఉండకూడదు. పక్క ఊళ్లకూ మనిషిని పంపండి."

"అట్టాగే స్వామీ." కసవయ్య చేతులు కట్టుకున్నాడు. "గొంతు మారినట్టుందే?"

"సముద్రపు గాలి."

ఆమె పల్లె దాటేలోపు, నలభై ఇళ్లలో ముప్పై ఏడు కుచ్చులు దించాయి. మూడిళ్లవాళ్లు వేటకు వెళ్లారు.

కోటలో కొలువు ద్వారం దగ్గరికి వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. కుందమ కాషాయం విప్పి చంకలో పెట్టుకుంది. కొలువు నడిచే రోజుల్లో లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ, రాజుకైనా, ద్వారపాలకుడు కుండలో ఒక గులకరాయి వేస్తాడు, బయటికి పోతే ఒకటి తీస్తాడు. ఆమెకూ ఒకటి వేశాడు. తర్వాత తలుపులు మూశారు.

సభలో లెక్క నడుస్తోంది. ఈసారి లెక్క భట్టుది. ఆయన మనుషులే మూడు రోజుల కిందట ఆరు వందల నలభై పిట్టలకు రంగు పూశారు. ఆ పొద్దున వంద పట్టి తెచ్చారు. మంద నెలనెలా రెండింతలై ఉంటే వందలో ఇరవై ఎర్రకాళ్లు రావాలి. కుందమ చెప్పిన వరసలో పెరిగి ఉంటే ఇరవై తొమ్మిది రావాలి. రాజుకు కుడివైపు ధూమకంఠుడు కూర్చున్నాడు. ఆయన ముందు పళ్లెంలో జలద్వారం తాళంచెవి ఉంది. ఎడమవైపు రేచన సంకెలతో నిలబడ్డాడు. చెల్లెల్ని చూశాడు, తర్వాత ఆమె మోకాళ్ల దెబ్బలు చూశాడు.

భట్టు పంజరంలోంచి ఒక్కో పిట్టను తీసి, కాళ్లు చూసి, కిటికీలోంచి వదిలాడు. ఎర్రకాళ్లవి వచ్చినప్పుడు పైకి లెక్కపెట్టాడు. డెబ్బై పిట్టలు అయ్యేసరికి ఇరవై వచ్చాయి. భట్టు ఒకసారి పంజరంలోకి తొంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా తీశాడు. ఇరవై నాలుగు. ఇరవై అయిదు. పంజరం ఖాళీ అయ్యేసరికి ఇరవై ఎనిమిది.

ఆయన చేతులు తుడుచుకుని, కొలువు మెట్ల మీద ఇంకా ఉన్న గవ్వల వైపు చూశాడు. "అమ్మాయి మాట నిజం ప్రభూ. వేగం తగ్గింది," అన్నాడు.

రాజు కుందమను, ఎక్కడ ఆగుతాయని అడిగాడు.

"మన చూరుల దగ్గర మహారాజా. ఇంటికి ఒక కుచ్చు కడితే నాలుగు వేల దగ్గర ఆగుతాయి. పది కడితే నలభై వేలు. ఒక్కటీ కట్టకపోతే, చేత్తో పెట్టింది తప్ప తినవు కాబట్టి, గింజ పెట్టే దీవికే తిరిగి పోతాయి. పది కట్టమన్నది ఈ బట్టలోని మనిషి." ఆమె కాషాయాన్ని రాజు ముందు పరిచింది. దండం దాని మీద పెట్టింది.

సభలో ఉన్నవాళ్లంతా వాటిని చూడటానికి ముందుకు వంగారు. రాజు రేచన సంకెల తీయమన్నాడు. భటుడు తీశాడు. అప్పుడు రాజు కుడివైపు తిరిగాడు. ఆసనం ఖాళీగా ఉంది. పళ్లెంలో తాళంచెవి లేదు.

కిటికీలకు ఇనుప ఊచలున్నాయి. ద్వారపాలకులు నలుగురూ, తలుపులు మూశాక ఎవరూ బయటికి పోలేదని చెప్పారు. కుందమ గులకరాళ్ల కుండ తెప్పించి నేల మీద పోసింది. మూడు వందల పన్నెండు. పొద్దున ధూమకంఠుడు లోపలికి వచ్చినప్పుడు వేసిన రాయి కూడా అందులోనే ఉంది.

తర్వాత ఆమె సభలో ఉన్నవాళ్లను వరసగా నిలబెట్టి లెక్కపెట్టింది. రాజును లెక్కపెట్టింది, భట్టును లెక్కపెట్టింది, అన్నను లెక్కపెట్టింది, తనను లెక్కపెట్టుకుంది. ధూమకంఠుడి ముఖం ఎక్కడా కనబడలేదు.

మూడు వందల పన్నెండు మంది ఉన్నారు.